బ్లేడు నుంచి ఆడాసిటీ దాకా: చివరి అచ్చు కథ

"పాడ్‌కాస్టు మొదలెడదామనుకుంటున్నాం, ఎడిటింగుకీ మాస్టరింగుకీ ఏ సాఫ్టువేరు వాడాలి?" ఈ మధ్య నన్ను "ఏ ఫ్రేమ్‌వర్కు నేర్చుకోవాలి" తర్వాత ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఆడాసిటీ, రీపర్, ఆడిషన్ అని మూడు పేర్లు చెప్పి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ మెనూల్లో కనిపించే మాటల వెనక వందేళ్ళ కథ ఉంది. కట్, స్ప్లైస్, క్రాస్‌ఫేడ్, స్క్రబ్, మాస్టర్... ఇవన్నీ ఒకప్పుడు చేత్తో చేసిన పనుల పేర్లు. పైగా ఆ పెట్టెల్లో ముందే నింపి ఉన్న అంకెలు తెలుగుని దృష్టిలో పెట్టుకుని నింపినవి కావు. ఈ రెండో సంగతి దాదాపు ఎవరూ పట్టించుకోరు. అందుకని కాస్త వెనక్కెళ్ళి మొదలెడతా, ఓపిక పట్టండి.

గ్రామఫోను రోజుల్లో ఎడిటింగు అన్నదే లేదు. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. పాడేవాళ్ళు కొమ్ము ముందు నిలబడి మూడు నిమిషాల్లో ముగించాలి, తప్పు దొర్లితే మైనపు పళ్ళెం పారేసి మళ్ళీ మొదట్నుంచీ పాడాలి. గౌహర్ జాన్ పాట చివర్లో ఇంగ్లీషులో తన పేరు తనే చెప్పుకునేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్లో కాబట్టి, అక్కడివాళ్ళు లేబులు మీద ఎవరి పేరు వెయ్యాలో తెలియడానికి అలా చెప్పించేవారని అంటారు. ఐడీ3 ట్యాగు కన్నా తొంభై ఏళ్ళ ముందే మెటాడేటాని ఆడియోలో పెట్టేశారన్నమాట :) మన రంగస్థల పద్యాలూ హరికథలూ కూడా ఆ మూడు నిమిషాల పళ్ళేల్లోకే కుదించుకోవాల్సి వచ్చింది. పద్యం చివర రాగం ఎంతసేపు లాగాలన్నది గాయకుడి ఊపిరితోబాటు ఆ పళ్ళెం వెడల్పు కూడా నిర్ణయించేది.

కత్తిరించడం కుదిరింది టేపుతోనే. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ వాళ్ళు మాగ్నెటోఫోన్ చూపించారు. యుద్ధం అయిపోయాక జాక్ మల్లిన్ అనే అమెరికన్ సైనిక ఇంజనీరు రెండు యంత్రాల్ని విడగొట్టి ఇంటికి పంపించుకున్నాడు. ప్రతి వారం లైవ్‌లో పాడటం విసుగొచ్చిన బింగ్ క్రాస్బీ 1947లో తన రేడియో షో ఈ టేపు మీదకి మార్చుకున్నాడు. 1948లో ఆంపెక్స్ మోడల్ 200 బజార్లోకొచ్చింది. అక్కణ్ణుంచి ప్రపంచమంతా రేడియో స్టేషన్లలో ఎడిటింగు అంటే ఒక గ్రీజు పెన్సిలు, ఒక బ్లేడు, అతికించే టేపు.

ఆ పని ఎలా చేసేవాళ్ళో చెప్పుకుందాం, ఎందుకంటే ఇప్పటి సాఫ్టువేరులో ఉన్నది దాని నకలే. రెండు రీళ్ళనీ చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడిస్తే మాట "వ్...వ్వ్...వా" అంటూ మూలుగుతూ వినిపిస్తుంది. సరిగ్గా ఎక్కడ మొదలైందో చెవితో పట్టుకుని, హెడ్డు ఎదురుగా ఉన్న చోట పెన్సిలుతో గీత పెట్టాలి. ఇప్పుడు స్క్రబ్బింగ్ అంటున్నది దీన్నే. తర్వాత టేపుని గాడి ఉన్న లోహపు దిమ్మలో పెట్టి బ్లేడుతో ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో కొయ్యాలి. నిలువుగా కోస్తే అతుకు దగ్గర "టక్" మంటుంది. పావు అంగుళం వెడల్పున్న టేపుని ఏటవాలుగా కోస్తే ఆ కోత పావు అంగుళం పొడవునా సాగుతుంది. సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంలో అది 33 మిల్లీసెకన్లు. పాత ధ్వని మెల్లిగా తగ్గుతూ కొత్తది మెల్లిగా పెరిగే సమయం అదే. మన క్రాస్‌ఫేడ్ బటను తాత ఆ ఏటవాలు కోత.

ఇక మనవైపు సంగతి. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వ కేంద్రంగా మొదలైంది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చాయి. మొదట్లో నాటకాలన్నీ లైవే. కాగితం తిప్పిన చప్పుడు కూడా వినబడకూడదు. టేపు చేతికొచ్చాక కొత్త విద్య ఒకటి పుట్టింది. దాని శిఖరం, నా లెక్కలో, సంక్షిప్త శబ్దచిత్రం.

ఇది వినని తరం వచ్చేసింది కాబట్టి చెప్తున్నా. రెండున్నర, మూడు గంటల సినిమా శబ్దాన్ని కోసి, కుదించి, గంటకి అటూ ఇటూగా రేడియోలో వినిపించేవారు. తెర లేదు. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో డైలాగుల వల్లే తెలియాలి. మాయాబజార్ డైలాగులు సినిమా చూసి నేర్చుకున్నవాళ్ళెంతమందో రేడియోలో విని నేర్చుకున్నవాళ్ళూ అంతమంది ఉంటారు. ఏ సీను లేకపోయినా కథ నడుస్తుంది, ఏ ఒక్క మాట పోతే కథ తెగుతుంది అన్న లెక్క కట్టి, ఆ మాటకి ముందూ వెనకా బ్లేడు పెట్టిన ఆ మనుషుల పేర్లు మనలో ఎవరికీ తెలియవు. ఈ రోజు మూడు గంటల ఇంటర్వ్యూని మూడు గంటలూ అలాగే ఎక్కించేసే పాడ్‌కాస్టర్లకి దీని మీద ఒక కోర్సు పెట్టాలి.

ఇక్కడే అసలు విషయం. తెలుగుని అజంత భాష అని పొగుడుకుంటాం కదా, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయని. పాడుకోవడానికి బాగుంటుంది సరే, ఆడియో ఎడిటింగులో దానివల్ల ఒక చిక్కుంది. "వచ్చాడు", "వచ్చాడా", "వచ్చాడో", "వచ్చాడే". నాలుగిట్లోనూ మారింది చివరి అచ్చు ఒక్కటే. ఒకటి వార్త, ఒకటి ప్రశ్న, ఒకటి అనుమానం, ఒకటి ఆశ్చర్యం. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది, ఆ క్రియలో మనసు చివరి అచ్చులో ఉంటుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికే మాట్లాడేవాడి ఊపిరి తగ్గి గొంతు దిగిపోతుంది. "వచ్చాడు"లో ఆ చివరి "ఉ" మామూలు సంభాషణలో దాదాపు గుసగుసే.

ఆ అచ్చు పదో వంతు సెకను ఉంటుందనుకోండి. టేపు మీద అది ముప్పావు అంగుళం. కంటికి కనిపించే కొలత, బ్లేడు పెట్టేవాడి వేలి గోరంత. చెవితో వెతుక్కుని కోసేవాడు దాన్ని వదిలేయడం కష్టం. ఇప్పుడు అదే పని నాయిస్ గేటు చేస్తుంది. ఒక గీత గీసి దానికంటే చిన్న శబ్దం వస్తే తలుపు మూసేస్తుంది. దానికి ఆ చివరి "ఉ"కీ ఫ్యాను చప్పుడుకీ తేడా తెలియదు. నిశ్శబ్దాల్ని కుదించే ట్రంకేట్ సైలెన్సు సంగతీ అంతే, ఎంత చిన్న ధ్వనిని నిశ్శబ్దం అనుకోవాలో దానికి మనమే చెప్పాలి. చెప్పకపోతే "వచ్చాడా" కాస్తా "వచ్చాడ్" అయి కూర్చుంటుంది. ఈ మధ్య తెలుగు పాడ్‌కాస్టులు చాలావాటిల్లో మాటలు పొట్టి పొట్టిగా, తోక తెగిన బల్లుల్లా వినిపించడానికి నాకు తోచిన కారణం ఇదే. పోల్చి చూసుకోవాలంటే విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారు చెప్పిన భారత రామాయణాలు వినండి. టేపులో సన్నటి హుష్షు వినిపిస్తూనే ఉంటుంది, కానీ గొంతు ఎంత దించినా ఒక్క అచ్చు కూడా జారదు. హుష్షు ఉన్నా ఫరవాలేదు, మాట పోకూడదు అన్న తూకం అందులో ఉంది.

అన్నట్టు, ఆ టేపులు ఇవాళ మనదాకా వచ్చిన తీరు కూడా ఒక కథే. టేపు అప్పట్లో ఖరీదైన సరుకు. ప్రసారం అయిపోయాక చెరిపేసి మళ్ళీ వాడుకోవడం రేడియో ప్రపంచమంతటా ఉన్న అలవాటే. బీబీసీ అంతటిది 1960ల నాటి డాక్టర్ హూ ఎపిసోడ్లు ఎన్నో అలాగే పోగొట్టుకుంది. ఆకాశవాణిలో పనిచేసినవాళ్ళ జ్ఞాపకాల్లోనూ ఈ బాధ కనిపిస్తుంది. మనకి మిగిలినవాటిల్లో చాలా భాగం శ్రోతలు ఇళ్ళలో క్యాసెట్ల మీద పట్టుకున్నవే. 1998లో మొదలైన ఈమాట పత్రికలో "శబ్ద తరంగాలు" శీర్షిక కింద పెట్టిన పాత రేడియో నాటకాలూ సంగీత రూపకాలూ వింటుంటే, ఎవరో ఒకాయన ఆ పూట ఓపిగ్గా రికార్డు బటను నొక్కకపోయుంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, సాఫ్టువేరు ఎంచుకునేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

కంప్యూటర్ల కాలానికొద్దాం. డిజిడిజైన్ వాళ్ళ ప్రో టూల్స్ 1991లో వచ్చింది గానీ అది స్టూడియోల సంగతి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో సౌండ్ కార్డు కొనుక్కుని పీసీలో బిగించుకున్న మనబోటివాళ్ళకి తెలిసింది కూల్ ఎడిట్. మైక్రోసాఫ్టులో పనిచేసి బయటికొచ్చిన డేవిడ్ జాన్‌స్టన్ రాసినది. కూల్ ఎడిట్ 96 షేర్‌వేరుగా వచ్చేది, డబ్బు కట్టకపోతే తెరిచిన ప్రతిసారీ సౌకర్యాల జాబితాలోంచి ఏ రెండు కావాలో ఎంచుకోవాలి. సేవ్ చేసుకోవడం కూడా అందులో ఒక సౌకర్యమే! ఎకో కావాలో సేవ్ కావాలో తేల్చుకోవడంలోనే సగం సాయంత్రం గడిచేది :) 2003లో అడోబీ దాన్ని ఒక కోటి అరవై అయిదు లక్షల డాలర్లకి కొనేసి ఆడిషన్ అని పేరు మార్చింది. సౌండ్ ఫోర్జ్ కూడా సోనిక్ ఫౌండ్రీ నుంచి 2003లో సోనీకి, 2016లో మాజిక్స్‌కి చేతులు మారింది.

ఆడాసిటీ పుట్టుక వేరు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డామినిక్ మజ్జోనీ అనే విద్యార్థి, రోజర్ డాన్నెన్‌బర్గ్ అనే ప్రొఫెసరు 1999లో ధ్వని విశ్లేషణ కోసం రాసుకున్నది. 2000 మే నెలలో బయటికి వదిలారు, జీపీఎల్ కింద. 2000ల్లో వాడినవాళ్ళకి ఒక తతంగం గుర్తుండే ఉంటుంది. ఎంపీ3గా ఎగుమతి చెయ్యబోతే "లేమ్ ఫైలు ఎక్కడుందో చూపించు" అని అడిగేది. పేటెంట్ల గొడవ. ఎంపీ3 లైసెన్సింగుని 2017లో ఫ్రాన్‌హోఫర్ ముగించేశాక ఆ గొడవ వదిలింది. 2021లో ఆడాసిటీ మ్యూస్ గ్రూప్ చేతికెళ్ళింది. టెలిమెట్రీ పెడతామన్నారు, లోకం భగ్గుమంది, వెనక్కి తగ్గారు. జులైలో ప్రైవసీ పత్రం మారిస్తే మళ్ళీ "స్పైవేరు" అని గోల, టెనాసిటీ పేరుతో ఫోర్కులు. సోర్సు కోడు అందరి ముందూ ఉండబట్టే ఆ గోల చెయ్యగలిగారు, ఫోర్కూ చెయ్యగలిగారు. కూల్ ఎడిట్ అమ్ముడుపోయినప్పుడు వాడుకరులకి ఆ అవకాశం లేదు.

మధ్యలో పాడ్‌కాస్టు అన్న మాటే పుట్టింది. డేవ్ వైనర్ ఆర్‌ఎస్‌ఎస్‌లో ఎన్‌క్లోజరు చేర్చడం, ఆడం కర్రీ హుషారు, 2004లో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ వాడిన పేరు, 2005 జూన్‌లో ఐట్యూన్స్ 4.9... ఇదంతా మీకు తెలిసిందే, వదిలేస్తున్నా. మన భాషలో ఒక్క గొంతు చాలు అని రుజువు చేసినవి మాత్రం నా దృష్టిలో కాలిఫోర్నియా నుంచి కౌముది కిరణ్ ప్రభ గారు చేసే టాక్ షోలు. హంగులేమీ లేవు. వాక్యం చివరిదాకా వినబడుతుంది.

మాస్టరింగు గురించి కూడా రెండు ముక్కలు. ఇది గ్రామఫోను రికార్డుల కాలం నాటి మాట. మాస్టరు పళ్ళెం మీద గాడి కోసేటప్పుడు శబ్దం మరీ పెద్దదైతే సూది ఎగిరిపడుతుంది, మరీ చిన్నదైతే గీర చప్పుడులో కలిసిపోతుంది. ఆ రెండింటి మధ్య నడిపించడం మాస్టరింగు. సీడీలొచ్చాక సూది భయం పోయి, ఎవడి పాట పెద్దగా వినిపిస్తే వాడిదే గెలుపన్న పోటీ మొదలైంది. 2008లో మెటాలికా డెత్ మాగ్నెటిక్ ఆల్బమ్ మీద అభిమానులే తిరగబడేదాకా పోయింది. మరోపక్క 2006లో ఐటీయూ వాళ్ళు చెవికి వినిపించే గట్టిదనాన్ని కొలిచే పద్ధతి ఖాయం చేశారు, 2010లో యూరోపియన్ ప్రసార సంఘం దాని ఆధారంగా మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ అని ప్రమాణం పెట్టింది. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరవగానే కనిపించే మైనస్ 23 ఈ ఐరోపా లెక్కే. ఆపిల్ పాడ్‌కాస్టులకి చెప్పేది మైనస్ 16, ఒకటి అటూ ఇటూ, శిఖరం మైనస్ 1 దాటకుండా. మార్చుకోకుండా నొక్కేస్తే మీ గొంతు మిగతావాళ్ళ కంటే నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. మార్చుకున్నా సరే, ముందు కంప్రెసరుతో కొంచెం నెమ్మదిగా సమం చేసి ఆ తర్వాత ఇది చెయ్యండి. కంప్రెసరు మన చివరి అచ్చుకి స్నేహితుడు, అది పెద్దవాటిని తగ్గించి చిన్నవాటిని పైకి తెస్తుంది. గేటు శత్రువు.

మరి కొంపల్లిలో చప్పుడు సంగతేమిటంటారా? మా పక్కనుంచే 44వ నంబరు జాతీయ రహదారి, అదే పాత 7, నాగపూర్ వైపు పోతుంది. రాత్రి లారీలు, ఫంక్షన్ హాళ్ళ బరాత్‌లు, పగలు ఎవరింట్లోనో బోరు. పైగా ఒకపక్క దుండిగల్ వైమానిక దళ అకాడెమీ, ఇంకోపక్క హకీంపేట స్థావరం. దుండిగల్‌కి 2013లో వచ్చిన పిలాటస్ విమానాల మీద శిక్షణ పొందే కుర్రాళ్ళు మన రికార్డింగు టైమే చూసుకుని ఎగురుతారనిపిస్తుంది. లారీల గుర్రుమనే చప్పుడు చాలావరకూ 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టరు పెడితే తగ్గుతుంది. ఫ్యాను, ఏసీ లాంటి ఒకే తీరు చప్పుళ్ళని ఆడాసిటీ నాయిస్ రిడక్షన్ నమూనా తీసుకుని తీసేస్తుంది. విమానం అలా కాదు, వస్తున్నప్పుడొక శ్రుతి, పోతున్నప్పుడొక శ్రుతి, మధ్యలో సరిగ్గా మనిషి గొంతు ఉండే చోటే ఉంటుంది. నమూనా పనిచెయ్యదు. గట్టిగా రుద్దితే విమానంతోబాటు "శ", "స"లు కూడా పోతాయి. ఆగడం ఒక్కటే దారి. రేడియో స్టూడియోలకి రెండేసి తలుపులు, గోడలకి చిల్లుల పలకలు పెట్టింది ఇందుకే. మనకి తలుపు మూసిన బెడ్‌రూమూ, తెరిచిన బట్టల బీరువా, రెండు బొంతలూ ఉన్నాయి.

కొత్తగా వచ్చినవాటి గురించి కూడా అడుగుతారు కాబట్టి: 2017లో వచ్చిన డిస్క్రిప్ట్ లాంటివి మాటని అక్షరాల్లోకి మార్చి, అక్షరం చెరిపితే ధ్వని కూడా తెగేలా చేశాయి. 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్ మోడలుకి తెలుగూ వచ్చు, కొంచెం తడబడుతుంది అంతే. ఇంగ్లీషు ఇంటర్వ్యూలకి ఈ పద్ధతి వరం. తెలుగులో చిక్కెక్కడంటే సంధి. "ఏమంటావంటే" అన్నప్పుడు ఏమి, అంటావు, అంటే మూడూ ఒకే ఊపిరి. తెర మీద మాటకి హద్దు కనిపించిన చోట ధ్వనిలో హద్దు ఉండదు. ఊతపదాల ఏరివేత కూడా అంతే. ఇంగ్లీషులో "అం", "అః" తీసేస్తే నష్టం లేదు. మన ఊతపదం "అంటే". అది ఒక్కోసారి ఊత, ఒక్కోసారి వాక్యానికి ప్రాణం. అందుకని అక్షరాల మీద ముతక కోత కొయ్యండి, సన్నకోతకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్క్రబ్ చెయ్యండి.

ఇప్పుడు ఆ చెరిపేసిన టేపుల సంగతి. ఆడాసిటీ పాత ఏయూపీ ప్రాజెక్టు తెరవాలంటే పక్కన వేల చిన్న ముక్కలున్న డేటా ఫోల్డరు కూడా ఉండాలి. ప్రాజెక్టు ఫైలు ఒక్కటీ పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకుని ఫోల్డరు ఫార్మాటులో పోగొట్టుకున్నవాళ్ళు కోకొల్లలు. 2021లో వచ్చిన 3.0 నుంచి అంతా ఒకే ఏయూపీ3 ఫైలు, లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేసు. రీపర్ ఇంకో అడుగు ముందుంది. దాన్ని రాసింది వినాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్, మొదట బయటికొచ్చింది 2005లో. దాని ప్రాజెక్టు ఫైలు మామూలు టెక్స్టు. గిట్‌లో పెట్టుకోవచ్చు, డిఫ్ చూసుకోవచ్చు, మన జాతికి ఇంతకంటే ఏం కావాలి? అయినా ప్రాజెక్టు ఫైళ్ళని నమ్ముకోవద్దు. 2006లో ఆపిల్ గరాజ్‌బ్యాండ్‌లో పాడ్‌కాస్టు సౌకర్యాలు పెట్టింది, 2013లో తీసేసింది. వేవ్ ఫైలు మాత్రం 1991 నుంచి అన్నిచోట్లా తెరుచుకుంటూనే ఉంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, మోనోలో ఒక గంట రికార్డింగు 518 ఎంబీ. ఫ్లాక్‌గా మారిస్తే ఏమీ పోకుండా ఇంకా తగ్గుతుంది. అదే గంట 64 కేబీపీఎస్ ఎంపీ3గా అయితే 29 ఎంబీ లోపే, కానీ అందులోంచి పోయింది తిరిగి రాదు. ఎడిట్ చెయ్యని అసలు రికార్డింగునే దాచండి. ఇంట్లో పెద్దవాళ్ళ చేత పద్యాలో, ఊరి కబుర్లో చెప్పిస్తుంటే మొదట్లోనే పేరు, ఊరు, తేదీ వాళ్ళ నోటితోనే చెప్పించండి, గౌహర్ జాన్ చెప్పుకున్నట్టు. ఫైలు పేర్లు మారిపోతాయి.

సరే, పేర్లే కావాలంటే: ఒక్కరే మాట్లాడేదైతే ఆడాసిటీ చాలు, 3.2 నుంచి ఎఫెక్టుల్ని వింటూ మార్చుకోవచ్చు, అసలు ధ్వని చెడదు. ఇద్దరు ముగ్గురు అతిథులు, వేరే వేరే ట్రాకులు ఉంటే రీపర్ తీసుకోండి, అరవై రోజులు ఉచితంగా చూడనిస్తారు, తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. నేర్చుకోవడానికి రెండు వారాంతాలు పోతాయి. ఏదైనా సరే గేటు ఆపేసి మొదలెట్టండి. తప్పదనుకుంటే మూసుకునే వేగం బాగా తగ్గించి, "తెలుసు, తెలుసా, తెలుసో" అని నెమ్మదిగా చదివి, మూడూ వేరుగా వినిపించేదాకా గీత కిందికి జరపండి. ఆడిషన్ కూడా మంచిదే, కాకపోతే అది నెలవారీ చందా. ఆఫీసు వాళ్ళు కడుతుంటే వాడుకోండి.